అసోసియేషన్ లెక్కలు చూపించట్లేదు, పైగా నీళ్ళు కట్ చేస్తాం అంటున్నారు, ఏం చేయాలి?

నిజాంపేట్ ఫ్లాట్ ఓనర్:
మాది 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మొదట్నుంచీ అదే ప్రెసిడెంటు, అదే సెక్రటరీ, జనరల్ బాడీ మీటింగ్ ఊసే లేదు. ఇప్పుడు బయట గోడలకి చెమ్మ దిగుతోంది, పెయింటింగ్ చేయించాలి, ఫ్లాట్‌కి 30 వేలు కట్టండి అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు, కొటేషన్ ఏదండీ అంటే గ్రూపుని అడ్మిన్ ఓన్లీ చేసేశారు. వాటర్ ట్యాంకర్ల బిల్లులు అడిగితే తెల్లకాగితం మీద పెన్నుతో రాసిన అంకెలు, బండి నంబర్ లేదు డేట్ లేదు. ఒళ్ళు మండి మెయింటెనెన్స్ ఆపేస్తానంటే నీళ్ళు కట్ చేస్తాం అంటున్నారు. అలా చేయొచ్చా?

బైలాస్ బాబాయ్:
మెయింటెనెన్స్ మాత్రం ఆపకండి సార్. చాలా అసోసియేషన్ల నియమావళి, అంటే బైలాస్‌లో బకాయి ఉన్నోళ్ళకి ఓటు ఉండదు, కమిటీ వాళ్ళకి కావల్సింది కూడా అదే. 30 వేల సంగతి వేరు, దానికి జనరల్ బాడీ తీర్మానం కాపీ కాగితం మీద రాసి అడగండి, రిసీవ్డ్ అని సంతకం తీసుకోండి. మీది 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయిందా, 1995 మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కిందా అన్నది ముందు చూడండి. సొసైటీ అయితే రిజిస్ట్రార్ వచ్చి తగువు తీరుస్తాడని కూర్చోవద్దు, సెక్షన్ 23 ప్రకారం మధ్యవర్తి దగ్గర ఆర్బిట్రేషన్‌కో జిల్లా కోర్టుకో మీరే వెళ్ళాలి. అంతకంటే ముందు బైలాస్‌లో ఎంతమంది సంతకాలు పెడితే స్పెషల్ మీటింగ్ పెట్టాలో చూసి ఆ సంతకాలు పోగెయ్యండి, సగం గొడవ అక్కడే తేలుద్ది.

మాజీ ట్రెజరర్:
కమిటీలో చేసినోడిగా చెప్తున్నా, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్), డీజిల్, వాచ్‌మన్ జీతం ఒకటో తారీఖుకల్లా రెడీగా ఉండాలి, కట్టనోళ్ళేమో ఫోన్ ఎత్తరు. అయినా నీళ్ళు కట్ చేయడం మాత్రం తప్పే, బకాయికి నోటీసిచ్చి సివిల్ కోర్టులో రికవరీ దావా వేసుకోవాలి గానీ. లెక్కలు అడగడం మీ హక్కు. అవునూ, మెయింటెనెన్స్ మీద జీఎస్టీ గానీ వసూలు చేస్తున్నారా? నెలకి ఫ్లాట్‌కి 7,500 దాటితేనే, అదీ అసోసియేషన్ ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే.

కొండాపూర్ కుర్రాడు:
అందరూ అసలుది వదిలేశారు. పొజెషన్ ఎప్పుడిచ్చారు బ్రో? రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద రిజిస్టర్ అయిన ప్రాజెక్టేనా?

నిజాంపేట్ ఫ్లాట్ ఓనర్:
రెరానే. పొజెషన్ ఇచ్చి నాలుగేళ్ళు దాటింది, ఐదు ఇంకా నిండలేదు.

కొండాపూర్ కుర్రాడు:
మరి మీరెందుకు కడతారు? 2016 రెరా చట్టం సెక్షన్ 14(3) చదవండి, పొజెషన్ నుంచి ఐదేళ్ళలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడితే బిల్డరే పైసా తీసుకోకుండా 30 రోజుల్లో బాగుచేయాలి. చెమ్మకి కారణం ఏంటో బయట ఇంజనీర్‌తో రిపోర్ట్ రాయించండి, డేట్ కనపడేలా ఫోటోలు తీసి బిల్డర్‌కి రిజిస్టర్డ్ పోస్ట్ కొట్టండి. ఇప్పుడే పెయింట్ వేసేస్తే ఆ మరకలన్నీ పోతాయి, తర్వాత ఏం చూపిస్తారు?

నిజాంపేట్ ఫ్లాట్ ఓనర్:
సెక్రటరీ గారు బిల్డర్‌కి బావమరిదండీ.

బైలాస్ బాబాయ్:
అదీ సంగతి! సంతకాలు ఈ ఆదివారమే మొదలెట్టండి.