రాత్రిపూట పల్లిచేనులో దిగే బాతులను ఎట్లా ఆపాలి?

పాలమూరు కోడలు:

మాది దేవరకద్ర వైపు పల్లె. చెరువు శిఖానికి, అంటే చెరువులో నీళ్లు నిలిచే నేలకు, ఆనుకుని ఎకరంన్నర పల్లిచేను ఉంది. మూడేళ్ల నుంచి చలి మొదలుకాగానే చెరువు మీదికి పెద్ద పెద్ద బాతులు వస్తున్నాయి. పోయినేడు యాభై దాకా వచ్చాయి. ఈసారి మా బిడ్డ లెక్కపెడితే నూట పదమూడు. పగలంతా నీళ్ల నడుమ మట్టిదిబ్బ మీద మెడ ముడుచుకుని కూర్చుంటాయి, ఏమీ ఎరగనట్టు. పొద్దుగూకినాక ఆంగ్ ఆంగ్ అని అరుచుకుంటూ లేచి చేన్ల మీద పడతాయి.

మా మామకు డెబ్భై ఏళ్లు. పందుల కాపలా ఎట్లాగూ ఉంది, ఇప్పుడు ఇదొకటి. రాత్రి పదింటికి స్టీలు పళ్లెం, గరిటె, టార్చిలైటు పట్టుకుని మంచె ఎక్కుతాడు. పళ్లెం మోగిస్తే అవి లేచి పక్క చేనులో దిగుతాయి. పక్క చేను పెద్దాయన మోగిస్తే మళ్లీ మా చేనులోకి. ఇద్దరు ముసలోళ్లు తెల్లార్లూ బాతులను ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు. మొన్న దీపావళికి మిగిలిన లక్ష్మీబాంబులు బయటికి తీశాడు, చెరువు మీదే పేలుస్తానని.

మా బిడ్డ ఏడో తరగతి. అవి హిమాలయాల అవతలి నుంచి వస్తాయని వాళ్ల సారు చెప్పాడట. బాంబులు తీసుకుపోయి బియ్యం డబ్బాలో దాచింది. ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు, వంట చేసేది మాత్రం నేనే. ఒక ఆఫీసులో నష్టపరిహారం సంగతి అడిగితే, బాతులకు కూడానా అమ్మా అని నవ్వారు. నిజంగా అంత దూరం నుంచి వస్తాయా? బాంబులు లేకుండా ఆపే ఉపాయం ఏదైనా ఉందా?

చెరువుకట్ట:

అక్కా, ముందు ఒక మాట. తల మీద ఏమైనా గుర్తు ఉందా? రాత్రి ఈల వేసినట్టు అరిచేవైతే అవి ఇక్కడి ఈల బాతులే.

పాలమూరు కోడలు:

ఈల కాదు, బూర ఊదినట్టు ఉంటుంది. ఒళ్లు బూడిద రంగు, తల తెలుపు. వెనక నుంచి చూస్తే బడిపిల్లకు రెండు నల్ల రిబ్బన్లు అడ్డంగా కట్టినట్టు. ముక్కు, కాళ్లు పసుపు. పొద్దున చేనులో పోతే చిటికెనవేలంత పచ్చటి రెట్టలు, విరిచి చూస్తే లోపలంతా గడ్డిపీచే.

చెరువుకట్ట:

అయితే సందేహం లేదు, బార్ హెడెడ్ గూస్. పట్టెతల బాతు అనుకుందాం. మీ అమ్మాయి సారు చెప్పింది నిజమే. ఎండాకాలంలో టిబెట్, మంగోలియా, చైనాలోని చింగ్‌హై సరస్సు వైపు గుడ్లు పెడతాయి. చలికి మన దేశానికి దిగి, మార్చికల్లా తిరుగు ప్రయాణం కడతాయి. ఎవరెస్ట్ మీదుగా ఎగురుతాయని అందరూ అంటారు గానీ, ట్రాన్స్‌మీటర్లు కట్టి చూస్తే అట్లా తేలలేదు. 2015లో వచ్చిన పరిశోధనలో నమోదైన అత్యధిక ఎత్తు 7,290 మీటర్లు. కొండ వాలునే పట్టుకుని, ఎక్కుతూ దిగుతూ పోతాయి, అదీ ఎక్కువగా రాత్రిపూట. గాలి పలచగా ఉన్నచోట కూడా వాటి రక్తం ఆక్సిజన్‌ను బాగా పట్టుకోగలదు.

మీ మామగారికి మాత్రం ఇదంతా చెప్పకండి. ఒకటే చెప్పండి: తరిమినకొద్దీ ఎక్కువ మేస్తాయి. మూడు కిలోల దాకా తూగే పక్షి లేచి ఎగరడమంటే చాలా ఖర్చు. నాలుగుసార్లు లేపితే ఆ ఖర్చంతా మళ్లీ చేనులోనే పూడ్చుకుంటుంది. బాంబులతో ఆయన వాటికి ఆకలి పెంచుతున్నాడన్నమాట. పైగా వేటాడినా, చంపినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

ఇంకో జాగ్రత్త. చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టుకోకుండా పశువుల డాక్టరుకు చెప్పండి, ఇంట్లో కోళ్లుంటే మరీను. 2005లో చింగ్‌హై దగ్గర బర్డ్ ఫ్లూతో ఈ బాతులే వేలల్లో చచ్చిపోయాయి. పరిశోధకులు మెడకు కట్టే అక్షరాల పట్టీ ఏ బాతుకైనా కనిపిస్తే దాన్ని ఫొటో తీయమనండి, ఎక్కడ కట్టారో తెలుసుకోవచ్చు. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి ఉన్నదే. అమ్మాయి లెక్క దానికి పనికొస్తుంది.

నల్గొండ రైతుబిడ్డ:

అన్న చెప్పింది బాగుంది గానీ, చేను కాసేవాడి కష్టం కూడా చూడాలి. ఆకు కొరికితే పల్లి తేరుకుంటుంది, అక్కా. కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగేటప్పుడు వంద బాతులు తొక్కితేనే కడుపు మండుతుంది. కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువుకు ఇవి వేలల్లో వస్తాయి, 2024లో దానికి రామ్‌సర్ గుర్తింపు (ముఖ్యమైన చెరువులు, చిత్తడి నేలలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) కూడా వచ్చింది. అక్కడా రాత్రి మేత చుట్టుపక్కల చేన్లలోనే.

మా దగ్గర పనిచేసిన ఉపాయం ఇది. పందులకు పాత చీరలు కడతాం కదా, అట్లాగే చెరువు వైపు గట్టు పొడుగునా మోకాలెత్తున కట్టాం. చేను నడుమ కూడా రెండు మూడు వరసలు లాగాం. ఈ బాతులకు దిగడానికి బయలు కావాలి, అడ్డం కనిపిస్తే పక్కకు పోతాయి. పక్కాయనతో కూడా అదే రోజు కట్టించండి, లేకపోతే పాత కథే. శిఖంలో ఎవరూ దున్నని గడ్డి ఉంటే దాన్ని వాటికే వదిలేయండి. రాత్రి అటు ఎవరూ లైటు కొట్టకూడదు.

మా చెరువుకు మాత్రం ఇప్పుడు రావడం లేదు. కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచి అలుగు దాకా నిండే ఉంటోంది. దిబ్బ మునిగింది, ఒడ్డు గడ్డి మునిగింది. రెండు పంటలు పండుతున్నాయి, కాదనను. బొల్లికోళ్లు అనే నీటిపక్షులు మాత్రం కుప్పలు.

పాలమూరు కోడలు:

వారం తర్వాత రాస్తున్నాను. మేము, పక్కవాళ్లు కలిసి చీరలు కట్టాం. మొదటి రెండు రాత్రులు ఒక్కటీ దిగలేదు. మూడో రాత్రి ఓ పది దాకా తూర్పు మూలన దిగాయి, అక్కడ చీర జారిపోయింది. మిగతావి శిఖంలో గడ్డి మీదే. "ఎక్కువ మేస్తాయి" అన్న మాట మామకు బాగా పట్టింది. బాంబులు ఎక్కడని అడగడం మానేశాడు, పళ్లెం కూడా వంటింట్లోకి తిరిగొచ్చింది. మంచె మీదికైతే పోతున్నాడు, పందులకని.

చీరలు తక్కువపడితే మా అత్త ట్రంకుపెట్టెలో నుంచి ఆమె పెళ్లినాటి గద్వాల చీర తీసుకుపోయి కట్టాడు. ఆ గొడవ ఇంకా నడుస్తోంది.