తురాయి చెట్టు పంగలో పొడి గూళ్లు, మాను మొదట్లో బంక: రెండూ ఒకే జబ్బా?

ఉప్పల్ పెరడు:
కాంపౌండులో తొమ్మిదేళ్ల తురాయి ఉంది. మాను చుట్టుకొలత మూడడుగులు. కొమ్మలు చీలే పంగ దగ్గర ఎర్రటి పొడి వలలా అల్లుకుని బెరడు మీద జానెడు పొడవున పాకింది. కింద, నేలకు ఆనుకుని, బెరడు నల్లగా నాని బంక కారుతోంది. కిందటేడు లాన్ వేసినప్పుడు మాను చుట్టూ అడుగెత్తు మట్టి పోశారు, నీళ్లు రోజూ పెడుతున్నాం. కొమ్మల మీద బూడిద రంగు పెచ్చులు కూడా ఉన్నాయి. చెదలని ఒకరు, పంగలోని కంతలు సిమెంటుతో పూడ్చమని ఇంకొకరు అంటున్నారు. ఏం చెయ్యాలి?

కడియం మొక్కలు:
రెండూ వేర్వేరండీ. బూడిద పెచ్చులు లైకెన్లు, అంటే బూజు, నాచు కలిసి బతికేవి, చెట్టుకు హాని లేదు, గీకకండి.

పంగలోది చెదలు కాదు, బెరడు తినే పురుగు. తేడా చేత్తోనే తెలుస్తుంది. చెదల గూడు నలిపితే ఉత్త మట్టి రాలుతుంది. ఈ పురుగు గూడు లాగితే పట్టుదారాలు సాగుతాయి, వాటికి బెరడు పొట్టు, రెట్ట గుళికలు అతుక్కుని ఉంటాయి. పగలు కంతలో దాక్కుని, రాత్రి ఆ గూడు కిందుగా వచ్చి బెరడు కొరుకుతుంది. అందుకే ముందు సాయంత్రం పాత గోనెగుడ్డతో గూళ్లన్నీ శుభ్రంగా తుడిచేయండి. మర్నాడు పొద్దున ఏ కంత దగ్గర తడిగా, ఎర్రగా కొత్త పొడి కనిపిస్తే పురుగు అందులో ఉన్నట్టు. పాతది ఎండి వెలిసిపోయి ఉంటుంది.

ఆ కంతలోకి సైకిల్ పుల్ల మెల్లగా తిప్పుతూ పోనివ్వండి. కంత మొదట అడ్డంగా పోయి తర్వాత కిందికి తిరుగుతుంది కనుక పుల్ల కొస కాస్త వంచాలి. కొసకు తడి అంటితే పురుగు చచ్చినట్టే. తర్వాత రెండు మూడు మి.లీ. కిరోసిన్‌లో ముంచిన దూది లోపలికి నెట్టి, బంకమట్టితో మూతి మూసేయండి. సిమెంటు మాత్రం వద్దు. చెట్టు లావెక్కే కొద్దీ అంచు విడిపోతుంది, ఆ సందులో నీరు దిగి లోపల చేవ కుళ్లుతుంది.

గోదారి గట్టు:
కంతలో డైక్లోర్వాస్ అనే పురుగుమందు చుక్కలు వెయ్యమని పాత పుస్తకాల్లో ఉంటుంది. 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో దాని వాడకం నిషేధం. ఎక్కడైనా పాత సీసా దొరికినా ముట్టుకోకండి.

వరంగల్ తోటపని:
అసలు భయపడాల్సింది కింద బంక గురించి. మట్టి కప్పితే మొదలు బెరడుకు గాలాడదు, రోజూ తడిస్తే కుళ్లు మొదలవుతుంది. మాను వెడల్పై వేళ్లు విడే చోటు కనిపించేదాకా మట్టి తీయండి, పారతో కాదు, చేత్తో. తర్వాత పదునైన కత్తితో నల్లమచ్చ అంచున సన్నగా గీరండి. లోపల లేతగా, తడిగా ఉంటే బతికిన బెరడు, గోధుమరంగులో పులిసిన వాసనొస్తే కుళ్లు. చుట్టుకొలతలో సగానికి మించి కుళ్లితే ఆశ తక్కువ. తక్కువైతే బతికిన అంచుదాకా చెక్కి బోర్డోపేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పూయండి.

ఆ పేస్టుకు మైలుతుత్తం 100 గ్రాములు అరలీటరు నీళ్లలో, రాతిసున్నం 100 గ్రాములు ఇంకో అరలీటరులో, వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, మూడో బకెట్లో ఒకేసారి ధారగా పోస్తూ కలియబెట్టాలి. ఇనుప కత్తి ముంచి కాసేపు ఉంచండి. రాగి రంగు పూత పడితే ఇంకాస్త సున్నం కలపాలి. నిల్వ ఉంచితే పనిచేయదు, ఆ రోజే వాడేయాలి.

చెట్టు మొదట్లో విసనకర్రలా పెరిగే, మెరిసే గోధుమరంగు పుట్టగొడుగు ఉందేమో తప్పక చూడండి. ఉంటే అది గానోడెర్మా, వేరు కుళ్లు లోపల ముదిరినట్టు. దానికి నమ్మదగ్గ మందు లేదు. ఆకులు పచ్చగా ఉండగానే గాలికి చెట్టు పడొచ్చు, కింద కారు పెట్టకండి. కొట్టించాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం ముందే అనుమతి తీసుకోవాలి.

ఉప్పల్ పెరడు:
తుడిచాక ఒక కంత దగ్గరే కొత్త పొడి వచ్చింది. మట్టి తీస్తే మచ్చ నాలుగు వేళ్ల వెడల్పు ఉంది. పుట్టగొడుగు లేదు.

వరంగల్ తోటపని:
అయితే చెట్టు దక్కుతుంది. పేస్టు పూసి, మాను చుట్టూ మూడడుగుల మేర లాన్ తీసేసి, అక్కడ నీళ్లు ఆపండి. మళ్లీ మట్టి కప్పొద్దు. నెల తర్వాత గీరిన అంచు చుట్టూ కొత్త బెరడు ఉబ్బుగా కమ్ముకొస్తుందో లేదో చూడండి. మచ్చ పెరుగుతుంటే ఫొటో పెట్టండి.