స్కోరు 6 వచ్చింది, ఇంకా బయాప్సీ ఎందుకు?

మారతహళ్లి:
మా అక్కకు 41 ఏళ్లు. రెండు నెలలైనా కామెర్లు తగ్గలేదు. వైరస్ టెస్టులన్నీ నెగటివ్. ఏఎన్‌ఏ అనే యాంటీబాడీ 1:160, రక్తంలో ఐజీజీ అనే ప్రొటీన్ నార్మల్ పైహద్దుకు ఒకటిన్నర రెట్లుంది. బెంగళూరులో చూస్తున్న డాక్టరు గారు ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (సొంత రోగనిరోధక శక్తే లివర్‌ను దెబ్బతీసే జబ్బు) కావచ్చు, బయాప్సీ చేద్దాం, అంటే సూదితో లివర్ ముక్క తీసి పరీక్షిద్దాం అన్నారు. లివర్‌లో సూది అనగానే అమ్మకు ఒకటే టెన్షన్. ఈ జబ్బును అంచనా వేసే స్కోరు లెక్కేస్తే 6 వచ్చింది. నేరుగా మందు మొదలుపెట్టమని అడగొచ్చా?

కోరమంగళ:
అడగండి. 2008లో వచ్చిన సులభ స్కోరు ఇలాంటి వాళ్ల కోసమే. యాంటీబాడీకి 2, ఐజీజీకి 2, వైరస్ లేనందుకు 2. 6 వస్తే జబ్బు ఉండే అవకాశం ఎక్కువని అర్థం. కామెర్లతో ఉన్న మనిషిని ఇంకా ఎన్నాళ్లు ఆపుతారు?

పెరంబూరు:
కోరమంగళ గారూ, లెక్క సరిగ్గానే వేశారు. కానీ మొత్తం 8లో మిగిలిన 2 బయాప్సీవే. అది లేకుండా ఎవరికైనా 6 దాటదు, ఖాయం అనాలంటే 7 రావాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. ఈ సులభ స్కోరు, అంతకుముందు ఏ మందులు వాడారని అడగదు. 1999 నాటి పెద్ద స్కోరు అడుగుతుంది, లివర్‌ను దెబ్బతీసే మందు వాడి ఉంటే 4 మార్కులు కోసేస్తుంది. కరోనా రోజుల్లో నేను నెలల తరబడి తిప్పతీగ కషాయం తాగాను. కామెర్లు వచ్చినప్పుడు ఆ మాట చెప్పలేదు, అదొక మందని నాకు తోచనే లేదు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు, వాళ్లలోనూ ఆటోఇమ్యూన్ లక్షణాలు కనిపించాయి.

మందు వల్ల వచ్చిందా, అసలు ఆటోఇమ్యూనా అన్న తేడాను బయాప్సీ ఒక్కటే తేల్చేస్తుందని అనను. కానీ లివర్‌లో మచ్చ ఎంత ముదిరిందో చెబుతుంది. మందు వల్ల వచ్చినదైతే దాన్ని ఆపాక, స్టెరాయిడ్ తగ్గించినా చాలామందికి తిరగబెట్టదు. అసలు ఆటోఇమ్యూన్ అయితే ఏళ్ల తరబడి రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ మాత్ర తప్పకపోవచ్చు. అన్నేళ్లు మింగాల్సిన మాత్రకు ఒక సూది ఎక్కువేం కాదు. సూది గుచ్చే చోట మత్తు ఇచ్చే చేస్తారు, తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి.

కోరమంగళ:
రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్ పెరుగుతుంటే? అప్పుడూ రిపోర్టు కోసం కూర్చుంటారా?

పెరంబూరు:
కూర్చోకూడదు. అప్పుడు వైద్యమే ముందు. మెడలోని రక్తనాళం గుండా బయాప్సీ చేసే దారి కూడా ఉంది.

మారతహళ్లి:
ఐఎన్ఆర్ నార్మలే. హిందూపురం దగ్గర పసరు మందు పోయించాం, కానీ అది కామెర్లు కనబడ్డాకే. అంతకుముందు ఏం వాడిందో అక్క ఒక్కొక్కటే గుర్తు చేసుకుని కాగితం మీద రాస్తోంది. సోమవారం ఆ కాగితంతోనే వెళ్తున్నాం.