సమస్యాపూరణం: "చావు చచ్చిపోయె చావలేక"

నిర్వాహకుడు (తేటనీరు): మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం ఇస్తున్న పాదం ఆటవెలదిలో నాలుగోది, ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తిచేయాలి.

*చావు చచ్చిపోయె చావలేక*

విషయం క్రైస్తవ లేఖనాల్లోని పరలోకం, పాతాళం, నరకం, మరణం తర్వాతి సంగతులు. పోయిన నెల మా పిన్ని భూస్థాపనకి వెళ్ళాను. కార్డు మీద "ప్రభువునందు నిద్రించెను" అని ఉంది. గుంట పక్కన పాస్టరు గారు ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం చదివారు, ఇక మరణం ఉండదు, ఏడ్పు ఉండదు అని. పిడికెడు మట్టి వేస్తుంటే, చావే లేకపోవడం అనే మాట పద్యంలో ఎలా కుదురుతుందా అనిపించింది. ఇంటికొచ్చి 20:14 తీస్తే మరణాన్నే ఎత్తి అగ్నిగుండంలో పడేశారని ఉంది. అక్కణ్ణించే ఈ పాదం పుట్టింది. చచ్చిపోయింది అంటూనే చావలేక అంటున్నాం, ఆ చిక్కు విప్పాలి. ఒక్కటే మనవి, యముణ్ణీ చిత్రగుప్తుణ్ణీ ఇందులోకి దించకండి, ఆ పద్యాలకి వేరే వారం ఉంది.

గట్టుమీది చెట్టు: నా ప్రయత్నం.

*వేలి కొనను గలుగు బిందువు కొరకునై*
*పట్టు బట్టవాడు పరితపించె*
*కాటి నుండి లేచి కదలె లాజరు, నాడు*
*చావు చచ్చిపోయె చావలేక*

పాతబడి మాస్టారు: నడక బాగుంది బాబూ, యతులు సరిపోయాయి, 'వే'కి 'బిం' వేసిన చోట చెయ్యి తిరిగినట్టే ఉంది. కానీ ఇద్దరు లాజరులను ఒకణ్ణి చేసేశావు. వేలికొన నీటిచుక్క కథ లూకా 16లోది. అందులో లాజరు ధనవంతుడి వాకిట పడి ఉన్న బిచ్చగాడు, కురుపులతో ఉంటే కుక్కలొచ్చి నాకేవి. ఇద్దరూ చనిపోయాక ధనవంతుడు పాతాళంలో మంటల్లో వేగుతూ, అబ్రాహాము దగ్గరున్న లాజరు తన వేలికొన నీళ్ళలో ముంచి నాలుక చల్లార్చాలని వేడుకుంటాడు. సమాధిలోంచి లేచి వచ్చినవాడు బేతనియ ఊరి లాజరు, మరియ, మార్తల సహోదరుడు, యోహాను 11లో వస్తాడు. పేరొకటే గాని మనుషులు వేరు. పైగా లూకా కథకి ప్రాణం ఎక్కడుందంటే, ధనవంతుడు తన ఐదుగురు సహోదరుల దగ్గరికి లాజరును పంపమని బతిమాలితే అబ్రాహాము ఒప్పుకోడు, మోషే మాట, ప్రవక్తల మాట విననివాళ్ళు చనిపోయినవాడు లేచొచ్చి చెప్పినా నమ్మరంటాడు. అంటే ఈ లాజరు లేవకపోవడమే ఆ కథ. నువ్వు లేపేశావు! ఇక బేతనియ లాజరు లేచిన రోజున చావు చచ్చిందనడమూ కుదరదు, ఆయన్ని మళ్ళీ చంపాలని ప్రధానయాజకులు ఆలోచించారని 12వ అధ్యాయంలోనే ఉంది. ఇంకో చిన్న మాట, ఆ ధనవంతుడు కట్టింది పట్టు కాదు, ఊదారంగు బట్టలు, సన్నపు నార వస్త్రాలు.

గట్టుమీది చెట్టు: మాస్టారూ, చిన్నప్పుడు సండే స్కూల్లో రెండు కథలూ ఒకే రోజు చెప్పారో ఏమో, నా తలలో కలిసిపోయాయి. సరిచేశాను, చూడండి.

*వేలి కొనను గలుగు బిందువు కొరకునై*
*పట్టెడన్న మిడని పాపి కాలె*
*దాట రాని గుంట దరిని, నాతని పాలి*
*చావు చచ్చిపోయె చావలేక*

పాతబడి మాస్టారు: ఇది పద్యం. "చావలేక కాలె" అని అన్వయం, "అతని పాలి చావు చచ్చిపోయె" అని విరుపు. తమకూ ధనవంతుడికీ మధ్య ఉందని అబ్రాహాము చెప్పిన మహా అగాధాన్ని "దాటరాని గుంట" అన్నావు, తెలుగు చెవికి అదే దగ్గర. పట్టెడన్నం పెట్టనివాడు చుక్క నీళ్ళు అడుక్కోవడం ఒక్క పాదం తేడాలో పక్కపక్కన పడ్డాయి, కథ బరువంతా అక్కడికొచ్చింది.

చిరుగాలి: నాది నరకం వైపు.

*అగ్ని యారదాయె నా పురు గీల్గదు*
*పండ్లు కొరికి కొరికి పలవరించి*
*వెదుకుచుండి రచట వేవేల పాపులు*
*చావు చచ్చిపోయె చావలేక*

పాపులు చావలేక వెతుకుతున్నారు, కానీ చావే చచ్చిపోయింది అని నా ఉద్దేశం.

తేటనీరు: చిరుగాలి గారూ, చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. "కొరికి కొరికి" అని రెండుసార్లు అనడంతో పళ్ళ చప్పుడు వినపడుతోంది. ఏడ్పును పండ్లు కొరుకుటయు అన్నమాట మత్తయిలో ఆరుసార్లు, లూకాలో ఒకసారి వస్తుంది, మీరు మర్చిపోకుండా తెచ్చారు. రెండు సంగతులు మాత్రం చెప్తాను. 'వెదుకుచుండిరి' అన్నారు సరే, దేన్ని? వాక్యంలో కర్మపదం లేదు, చదివేవాడు నాలుగో పాదం దాకా వెళ్ళి చావును వెనక్కి లాక్కురావాలి. రెండోది, మనుషులు చావును వెదకుతారు, అది దొరకదు అన్న మాట ప్రకటన 9:6లోది, అది భూమి మీద వచ్చే శ్రమల గురించి, నరకం గురించి కాదు. ఆరని అగ్ని, చావని పురుగు మార్కు 9లోవి, యెషయా చివరి వచనం నుంచి వచ్చాయి. రెంటినీ కలిపారు. కలపడం తప్పనను, కలిపామని మనకి తెలిసి ఉండాలి.

ఒరవడి: నాకో సందేహం. మత్తయి 10:28లో ఆత్మనూ దేహాన్నీ నరకంలో నశింపజేయగలవాడికి భయపడండి అని ఉంది కదా. నశించడమంటే లేకుండా పోవడమే అని చదివేవాళ్ళూ ఉన్నారు. అగ్నిగుండానికి ప్రకటన 20:14లో ఉన్న రెండవ మరణం అనే పేరే అలా ఉంది. అలాంటప్పుడు "చావలేక" ఎలా?

పాతబడి మాస్టారు: ఆ వాదం సంఘంలో పాతదే, ఇక్కడ తేలదు. పద్యానికి ఒక వైపు నిలబడే హక్కుంది. నేను పట్టుబట్టేది మాటల దగ్గర. మన తెలుగు బైబిల్లో 'నరకము' అన్నచోట మూలంలో ఉన్నది గెహెన్నా, అంటే యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ. అక్కడ పిల్లలను అగ్నిలో కాల్చారని యిర్మీయా ప్రవక్త మండిపడ్డాడు, యోషీయా రాజు ఆ చోటును అపవిత్రం చేసి ఆ పని ఆపించాడు. తల్లిదండ్రుల చేతుల మీదుగా బిడ్డలు మంటల్లోకి వెళ్ళిన లోయ అది. యేసు 'గెహెన్నా' అనగానే వింటున్న యూదుడికి ఆ లోయ గుర్తొస్తుంది, మనకి 'నరకం' అనగానే నూనె మూకుడు గుర్తొస్తుంది. ఊరి చెత్తంతా అక్కడ తగలబెట్టేవారని ప్రసంగాల్లో చెప్తుంటారు గాని లేఖనంలో ఆ మాట లేదు. పాత నిబంధనలో పాతాళం అన్నచోట మూలంలో ఉండే షియోల్ వేరు, అది మంచివాడూ చెడ్డవాడూ అందరూ దిగే చోటు. యోసేపు చనిపోయాడనుకుని యాకోబు ఏడుస్తూ, నేనూ నా కొడుకు దగ్గరికి అక్కడికే పోతాను అన్నాడు. పద్యం రాసేముందు వీటిలో దేని గురించి రాస్తున్నామో తేల్చుకుంటే సగం దోషాలు పోతాయి.

మొలక: నేను కొత్త. ఒకటి రాశాను.

*కొత్త యెరుషలేము కోట వాకిట నింక*
*కాటి కేగు వారు కాన రారు*
*మేత లేక మాడె మృత్యువు, జనులెల్ల*
*చావు చచ్చిపోయె చావలేక*

లూకా 20:36లో పునరుత్థానం పొందినవాళ్ళు ఇక చావనేరరు అని ఉంది. వాళ్ళు చావలేరు కాబట్టి చావుకి తిండి లేక అదే చచ్చింది.

తేటనీరు: మొలక గారూ, మీరు కొత్తేంటండీ! ఇంతవరకు ఎవరికీ తట్టని దారి ఇది. 'చావలేక' పాపులకు కాకుండా పుణ్యులకు కట్టారు. చావలేకపోవడం శిక్ష కావాల్సిన చోట వరమైంది.

ఒరవడి: "జనులు చావలేక చావు చచ్చె" అంటే కర్తలు ఇద్దరు. వ్యాకరణం ఒప్పుతుందా?

పాతబడి మాస్టారు: వానలు పడక పంట ఎండింది అంటాం కదమ్మా, కారణం చెప్పేటప్పుడు చెల్లుతుంది. నా అభ్యంతరం మూడో పాదం మీద. మృత్యువు మాడింది, చావు చచ్చింది అంటే ఒకే మాట రెండుసార్లు. ఇలా మారిస్తే ఎలా ఉంటుంది?

*మేత లేక మాడి, మేల్కొన్న జనులెల్ల*
*చావు చచ్చిపోయె చావలేక*

మంటిలో నిద్రించేవారు మేలుకొంటారని దానియేలు 12లో ఉంది.

మొలక: మాస్టారూ, "మేల్కొన్న" దగ్గర ఆగిపోయాను. తేటనీరు గారి పిన్ని గారి కార్డు మీది 'నిద్రించెను'కి ఇది జవాబులా ఉంది. మీ పాదమే ఉంచుతాను.

గట్టుమీది చెట్టు: కోట అంటే తలుపులు బిగించినట్టు ఉంటుందేమో? ప్రకటన 21లోని ఆ కొత్త యెరూషలేము పట్టణానికి 144 మూరల ప్రాకారం, 12 గుమ్మాలు ఉన్నాయి నిజమే, ఒక్కో గుమ్మం ఒక్కో ముత్యం, కానీ వాటిని ఎప్పుడూ మూయరు, అక్కడ రాత్రే లేదు కాబట్టి.

మొలక: అందుకే వాకిట అన్నానండి. తెరిచి ఉన్న వాకిట్లోంచి చూస్తే శవయాత్ర ఒక్కటీ బయటికి రాదు, అదే నా కంటికి కనిపించింది.

ఏటిగట్టు: ఆలస్యమైంది, క్షమించండి.

*సిలువ మీద నీదు చెంగట దొంగకు*
*నేడె దొరికె గాదె నిండు తోట*
*మింగి కక్కె నిన్ను మిడిసిపాటుడిగిన*
*చావు, చచ్చిపోయె చావలేక*

పాతబడి మాస్టారు: నేడే నాతో ఉంటావని సిలువ మీద పక్కనున్న దొంగతో యేసు అన్నప్పటి పరదైసు అనే మాటకి మూలంలో తోట అనే అర్థం, దాన్ని తెలుగు చేసి పెట్టావు. మూడో పాదంలో యోనాను కక్కిన చేప లీలగా కనపడుతోంది, పేరు చెప్పకుండానే. ఇక 'చావలేక'ని విడగొట్టకుండా, మనం "నవ్వలేక చచ్చాను" అంటామే, ఆ వాడుకలో పెట్టావు.

తేటనీరు: నాదీ ఒకటి పెట్టి ముగిస్తాను. పరలోకానికి ఎక్కిపోవడం అని మనం అలవాటుగా అంటాం గాని, ప్రకటన 21లో పట్టణమే పెండ్లికూతురిలా సింగారించుకుని కిందికి దిగుతుంది. అది రాయాలనిపించింది.

*నింగి కెక్కు టేల నేలకే దిగివచ్చె*
*నగర మొకటి పెండ్లి నగలతోడ*
*చెంప తడిని దుడిచె చేతితో దేవుడు*
*చావు చచ్చిపోయె చావలేక*

చిరుగాలి: మీ పద్యంలో 'చావలేక'కి పెద్ద పని లేదు, ఏటిగట్టు గారి వాడుకనే మీరూ ఆనుకున్నారు. అయినా మూడో పాదం నన్ను వదలడం లేదు. కన్నీరు తుడవడం అందరూ రాస్తారు, మీరు చెంప మీది తడి అన్నారు. ఏడ్చి చాలాసేపైనవాళ్ళ చెంప అది.

తేటనీరు: ఆ రోజు మా బాబాయి చెంప అలాగే ఉందండి. గుంట పూడ్చేదాకా ఆయన తుడుచుకోలేదు.