నాన్నకు పార్కిన్సన్స్, గడప దగ్గర కాళ్లు ఆగిపోతున్నాయి. ఫిజియోథెరపీ అంటే కరెంట్ మెషీన్ పెట్టడమేనా?

రామ్‌నగర్_అబ్బాయి:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, టెన్షన్‌లో రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకు 71. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. నాలుగేళ్ల కింద కుడి చెయ్యి వణకడంతో మొదలైంది. న్యూరాలజిస్ట్ చూసి పార్కిన్సన్స్ అన్నారు, లెవోడోపా మాత్రలు రోజుకు మూడుసార్లు వేసుకుంటున్నారు. ఇప్పుడు వణుకుతో పెద్ద ఇబ్బంది లేదు, ఇబ్బందంతా నడకతోనే. హాల్లో బాగానే నడిచి వస్తారు, దేవుడి గది గడప దగ్గరికి రాగానే రెండు పాదాలూ నేలకు అతుక్కుపోతాయి. ఒళ్లు ముందుకు వాలుతుంది, కాళ్లు మాత్రం కదలవు, మడమలు లేచి వేళ్ల మీద చిన్నగా వణుకుతూ నిలబడిపోతారు. రెండు నెలల్లో రెండుసార్లు పడ్డారు. ఒకసారి ఆ గడప దగ్గరే, ఇంకోసారి తెల్లవారుజామున మంచం మీంచి లేచి బాత్రూంకి వెళ్తూ. రెండోసారి తల గోడకు తగిలి మూడు కుట్లు పడ్డాయి. స్కాన్ చేయించాం, లోపల ఏమీ లేదన్నారు.

కిక్కిరిసిన బస్సులో ముప్పై ఏళ్లు రాడ్డు పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. ఇప్పుడు నాలుగు అడుగులు వేయాలంటే అమ్మ భుజం కోసం వెతుక్కుంటున్నారు, చూడలేకపోతున్నాను.

ఇంటికి ఒక ఫిజియోథెరపిస్ట్ వస్తున్నారు, రోజుకు 600. మోకాళ్లకు కరెంట్ మెషీన్ పావుగంట, తర్వాత కాపడం, పడుకోబెట్టి కాళ్లు నాలుగుసార్లు పైకీ కిందికీ, అంతే. నెలన్నర అయింది. ఒక్కరోజు కూడా నిలబెట్టి నడిపించి చూడలేదు. అడిగితే ముందు బలం రావాలి సర్ అంటారు. ఇది సరైన పద్ధతేనా? నేను కేపీహెచ్‌బీలో ఉంటాను, శని, ఆదివారాలే అక్కడ ఉండేది, అమ్మకు 66, నాన్న పడబోతే ఆపడం ఆమె వల్ల కాదు. ఇంట్లో మేం చేయగలిగింది ఏమైనా ఉందా? ఇంకోటి, లేచినప్పుడు తల తిప్పినట్టుందని నాన్న అంటే పక్కింటాయన తల తిరుగుడు మాత్రల షీటు ఇచ్చారు. వేయొచ్చా?

న్యూరోఫిజియో_మెహదీపట్నం:

ఆ షీటు పక్కన పెట్టేయండి, ముందు అది. తల తిరుగుడుకు మన దగ్గర విరివిగా వాడే సినారిజిన్, ప్రోక్లోర్‌పెరజీన్ లాంటివి మెదడులో కదలికలకు కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు నడక ఇంకా పాడవుతుంది. న్యూరాలజిస్ట్‌ని అడగకుండా ఒక్కటి కూడా వేయకండి.

నేను ఈ నగరంలోనే పద్నాలుగేళ్లుగా న్యూరో కేసులు చూస్తున్నాను. మీ నాన్నగారు పడిన రెండు సార్లూ ఒకే కారణం కాకపోవచ్చు. తెల్లవారుజామున లేవగానే పడ్డారంటే నాకు మొదట బీపీ మీదే అనుమానం. పార్కిన్సన్స్‌లో నిలబడగానే బీపీ పడిపోవడం మామూలే, లెవోడోపా వల్ల, ప్రోస్టేట్ మాత్రల వల్ల, బీపీ మాత్రల వల్ల కూడా పడుతుంది. ఇంట్లో మెషీన్ ఉంటే ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించండి. మాత్రలు మీరుగా ఆపొద్దు. అప్పటిదాకా లేవగానే నడవనివ్వకండి, మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు నిలబడాలి.

గడప సంగతి వేరు. నడక అనేది మనం ఆలోచించకుండా సాగిపోయే పని, మెదడు లోపలి భాగం ఒకటి దాన్ని తనంతట తాను నడిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో దెబ్బతినేది ఆ దారే. కానీ కంటితో చూసి గానీ, చెవితో తాళం విని గానీ, కావాలని ఆలోచించి గానీ వేసే అడుగుకు మెదడులో ఇంకో దారి ఉంది, అది చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. అందుకే సాఫు నేల మీద ఇరుక్కుపోయిన మనిషి మెట్లు చకచకా ఎక్కేస్తాడు, ఇంట్లోవాళ్లు నటిస్తున్నాడనుకుంటారు. నటన కాదండీ. గడపకు ముందు మూడు, దాటాక రెండు రంగు టేపు పట్టీలు అడ్డంగా అంటించండి, నేల రంగుకు పూర్తిగా తేడాగా కనపడాలి, పట్టీకీ పట్టీకీ మధ్య ఆయన మంచి అడుగంత దూరం ఉండాలి. ఇరుక్కుపోతే వెనక నుంచి తోయొద్దు, చేతులు పట్టి లాగొద్దు, 'నడువు నడువు' అని తొందరపెట్టొద్దు. పూర్తిగా ఆగాలి, నిటారుగా నిలబడాలి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి రెండుసార్లు మార్చాలి, అప్పుడు పట్టీ మీదికి ఒక పెద్ద అడుగు. తాళం పనికొస్తుంది, ఒకటీ రెండూ అని లెక్కపెట్టినా చాలు. తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగకుండా వెడల్పుగా చుట్టు తిరిగి రావాలి. నడుస్తున్నప్పుడు వెనక నుంచి పిలిచి మాట్లాడించకండి, చేతిలో గ్లాసు పెట్టకండి.

మీ ఫిజియో గురించి. మోకాలి నొప్పి ఉంటే మెషీన్‌తో కాస్త ఉపశమనం ఉంటుంది, తప్పు పట్టను. కానీ మెషీన్‌తో బ్యాలెన్స్ రాదు. నిలబడితేనే నిలబడటం వస్తుంది, అదీ కొంచెం కష్టంగా, పడిపోకుండా పక్కన మనిషి ఉండగా. చూడటానికి వచ్చిన మొదటిరోజే కుర్చీలోంచి లేపి, మూడు మీటర్లు నడిపించి, తిప్పి తెచ్చి కూర్చోబెట్టి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. 1991 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పరీక్ష అది, 12 సెకన్లు గానీ అంతకుమించి గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. మొదటి అంకె రాసుకోకపోతే నెల తర్వాత బాగయిందో లేదో ఎవరికి తెలుస్తుంది? మాత్ర పనిచేస్తున్న టైములోనే వ్యాయామం పెట్టుకోండి. మాత్రను భోజనానికి అరగంట ముందే వేయండి, పప్పు, గుడ్డు, పాలు లాంటి ప్రొటీన్‌తో కలిపి వేస్తే సరిగా ఒంటికి పట్టదు.

సరూర్‌నగర్_అక్క:

తమ్ముడూ, ఆ మాత్ర గురించి ఆయన చెప్పింది మా ఇంట్లో జరిగిందే. మా అమ్మకు 64. పక్క మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగేది, అరనిమిషంలో తగ్గిపోయేది. మెడికల్ షాపులో అడిగితే సినారిజిన్ ఇచ్చారు, అదే ఏడు నెలలు తెచ్చుకుని వాడింది. తర్వాత చూస్తే మొహంలో కళ తగ్గింది, చేతులు బిగుసుకున్నాయి, చిన్న చిన్న అడుగులు వేస్తోంది. అమ్మకు పార్కిన్సన్స్ వచ్చిందని ఏడ్చుకుంటూ న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఆయన మాత్రల కవరు చూసి ఆపేయించారు, మామూలు మనిషి కావడానికి నాలుగు నెలలు పట్టింది.

అసలు జబ్బేమో చెవి లోపల ఉండే సన్నటి సున్నపు పలుకులు వాటి చోటు నుంచి జారి అర్ధచక్రం గొట్టాల్లోకి వెళ్లడం. ఈఎన్‌టీ డాక్టర్ అమ్మను కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టారు, కళ్లు గిలగిలా కొట్టుకున్నాయి, నేను దగ్గరగా నిలబడి చూశాను. అక్కడే తలను ఒక్కో భంగిమలో కాసేపు ఉంచి తిప్పి లేపారు, ఎప్లీ పద్ధతి అన్నారు, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అన్ని నెలలు మాత్రలు మింగిన దానికి వైద్యం ఇంతేనా అని ఆటోలో వస్తుంటే నాకు కోపం ఆగలేదు. తిరగడం తగ్గినా భయం తగ్గలేదు, గోడ పట్టుకునే నడిచేది. అప్పుడు ఫిజియో ఒకరు గోడ మీది క్యాలెండర్‌లో ఒక తేదీ అంకె మీద చూపు నిలిపి, అది చెదరకుండా తలను అటూ ఇటూ తిప్పమన్నారు, మొదట కూర్చుని, తర్వాత నిలబడి, చివరికి నడుస్తూ. మొదటివారం వికారంగా ఉంటుంది, మానేయొద్దు అన్నారు, మానలేదు. మీ నాన్నది ఇదే అని కాదు, లేచినప్పుడు కళ్లు తిరగడం వేరు, పడుకుని ఒత్తిగిలితే తిరగడం వేరు. ఎప్పుడు తిరుగుతోందో సరిగ్గా అడిగి రాసుకుని వెళ్లండి, సగం పని అక్కడే అయిపోతుంది.

అంబర్‌పేట_గృహిణి:

మా ఆయనకు 52 ఏళ్ల వయసులో పక్షవాతం, ఎడమవైపు. మీ అమ్మగారి గురించి చదివి రాస్తున్నాను. మనిషిని పట్టుకునే పద్ధతి ఎవరూ నేర్పరు. మేం పెట్టుకున్న అటెండర్ ఆయన్ని మంచం మీంచి లేపడానికి పడిపోయిన చేతినే పట్టుకుని లాగేవాడు. భుజం కీలు జారింది, ఐదు నెలలు రాత్రిళ్లు నిద్ర లేదు ఆయనకు. తర్వాత నిమ్స్‌లో ఫిజియోథెరపీ విభాగంలో చూపిస్తే అక్కడి అమ్మాయి నన్ను పక్కన నిలబెట్టి నా చేత చేయించింది. చేయి గానీ చంక గానీ పట్టుకోకూడదు, నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, పక్కన కాస్త వెనగ్గా నిలబడి దాన్ని పట్టుకోవాలి. మనిషి వాలిపోతుంటే బలంగా పైకి ఎత్తాలని చూడొద్దు, మన మీదికి ఆనించుకుని మెల్లగా కుర్చీలోకో నేల మీదికో దించాలి. మీ అమ్మగారికి అదొక్కటి నేర్పించండి.

మొదటి ఆర్నెల్లలో రాకపోతే ఇక రాదని మాకు చాలామంది చెప్పారు. ఆ టైములో ఎక్కువ వచ్చే మాట నిజమే. కానీ మా ఆయన చొక్కా గుండీ సొంతంగా పెట్టుకున్నది పద్నాలుగో నెలలో. రోజూ ఒక గిన్నెడు పల్లీలు వలవమని ఎడమ చేతికి ఇచ్చేదాన్ని, మొదట్లో గంటకు ఆరో ఏడో, కాయ చిట్లేది కాదు, విసుగొచ్చి గిన్నె తోసేసేవారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పూటకు పదిసార్లు, వంటగట్టు పట్టుకుని పక్కకు అడుగులు, గట్టుకు ఆనుకునే ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడటం. ఇవి కూడా ఫిజియో చెప్పినవే, కానీ ఆమె వచ్చేది గంట, మిగతా రోజంతా మనదే కదా.

కర్ర వాడితే బలహీనమైన కాలికి ఎదుటి చేతిలో ఉండాలి, మా వీధిలో సగం మంది అదే పక్క పట్టుకుంటారు.

ఉప్పల్_వాసి:

సెంటర్‌కి తీసుకెళ్లడం మంచిదా, ఇంటికి పిలవడం మంచిదా? మా పిన్నికి షుగరు, పాదాలు మొద్దుబారి చీకట్లో తూలుతోంది.

న్యూరోఫిజియో_మెహదీపట్నం:

రామ్‌నగర్ వారి నాన్నగారి గడప, ఆయన బాత్రూం, ఆయన మంచం ఎత్తు ఇంట్లోనే ఉంటాయి కాబట్టి మొదటి కొన్ని రోజులు ఇల్లే మంచిది. తర్వాత వారానికి రెండుసార్లయినా సెంటర్‌కి వెళ్తే మేలు, అక్కడ రెండు వైపులా పట్టుకుని నడిచే సమాంతర కడ్డీలు ఉంటాయి, తనలాంటి వాళ్లు నలుగురు కనపడతారు, బయటికి వచ్చే ధైర్యం వస్తుంది.

ఉప్పల్ వారికి, పాదాల స్పర్శ తగ్గినవాళ్లు కళ్లతో ఆ లోటు పూడ్చుకుంటారు, అందుకే లైటు ఆపితే తూలుతారు. రాత్రి జీరో బల్బు వెలుగుతూనే ఉండాలి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే విటమిన్ బి12 ఒకసారి చూపించండి, అది తగ్గినా ఇదే తీరు. హవాయి చెప్పులు మాన్పించి వెనక పట్టీ ఉన్నవి కొనివ్వండి, రోజూ పాదాల కింద పుండ్లున్నాయేమో చూడండి, ఆమెకు తెలియదు.

రామ్‌నగర్_అబ్బాయి:

ఆరు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. పడుకున్నప్పుడు బీపీ 142/84, నిలబెట్టిన మూడు నిమిషాలకు 116/72. ఆ కాగితం చూసి డాక్టర్ ప్రోస్టేట్ మాత్ర మార్చారు, నీళ్లు బాగా తాగమన్నారు, తలవైపు మంచం కింద చెక్కలు పెట్టి ఎత్తు చేయమన్నారు. తెల్లవారుజామున తూలడం తగ్గింది. ఫిజియోని మార్చాం. కొత్తాయన మొదటిరోజే మీరు చెప్పిన పరీక్ష చేశారు, 24 సెకన్లు, నిన్న చూస్తే 17.

గడప దగ్గర పసుపు టేపు అంటించాం. మొదటి రెండు రోజులు నాన్న దాన్ని పట్టించుకోలేదు. ఒకటీ రెండూ అని లెక్కపెట్టమంటే మధ్యలో తప్పిపోయేవారు. ఓ సాయంత్రం మళ్లీ ఇరుక్కుపోయారు, అమ్మ కంగారుపడి దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టి 'హోల్డాన్' అన్నారు, నిటారుగా నిలబడ్డారు, బరువు అటూ ఇటూ మార్చుకుని 'రైట్' అని అడుగు వేశారు. పట్టీ మీద పడింది. 'రైట్, రైట్' అనుకుంటూ దేవుడి గదిలోకి వెళ్లిపోయారు. ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు రోజూ అదే, మేం కూడా అదే మాట అంటున్నాం. పూర్తిగా తగ్గిందని కాదు, పొద్దున మాత్ర ఆలస్యమైన రోజు టేపు ఉన్నా, మాట ఉన్నా కాళ్లు కదలవు. సరూర్‌నగర్ అక్కకు, అంబర్‌పేట అమ్మగారికి చాలా థాంక్స్, బెల్టు కొన్నాం, అమ్మకు అలవాటైంది.

బాత్రూంలో గోడకు పట్టుకునే కడ్డీ ఎక్కడ బిగించాలో చెప్పగలరా?

న్యూరోఫిజియో_మెహదీపట్నం:

చాలా సంతోషం. ఆ 'రైట్' మాటను అస్సలు వదలొద్దు. కమోడ్ పక్క గోడకు ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, ఆయన నిలబడి మోచెయ్యి కొంచెం వంచితే అందే ఎత్తులో. టవల్ కడ్డీని పట్టుకోనివ్వకండి, ఊడొస్తుంది. స్నానం కుర్చీలో కూర్చునే చేయించండి. అన్నిటికంటే ముందు తలుపు లోపలి గడియ తీసేయించండి, ఆయన లోపల పడితే బయటి నుంచి తెరవలేరు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తెరుచుకునేలా మార్పించండి, మనిషి అడ్డంగా పడి ఉంటే నెట్టడం కుదరదు.

రామ్‌నగర్_అబ్బాయి:

లోపలికే తెరుచుకుంటుంది సర్. ఆదివారం కార్పెంటర్‌ని తీసుకుని వెళ్తున్నాను.