దుకాణానికే వచ్చేవాడికి సీఈసీ ఎందుకు?

ఖమ్మం కిరాణం:
మాది ఖమ్మంలో కిరాణా దుకాణం. 22 ఏళ్లుగా నడుపుతున్నాను. మావాడు టెన్త్‌ మంచి మార్కులతో పాసయ్యాడు. చుట్టాలంతా ఎంపీసీ అంటుంటే వాడు సీఈసీ అని పట్టుబట్టాడు. చదువయ్యాక దుకాణమే చూసుకుంటాడట. ఆ మాత్రానికి రెండేళ్లు ఇంటర్, మూడేళ్లు బీకాం దేనికి? నేను టెన్త్ ఫెయిల్. గల్లా దగ్గర కూర్చునే అంతా నేర్చుకున్నాను. మీరేమంటారు?

ఎంపీసీ పక్షం:
కళ్లు మూసుకుని ఎంపీసీలో చేర్చండి. రేపు మనసు మారితే సీఏ మొదటి మెట్టు ఫౌండేషన్ పరీక్ష రాసుకోవచ్చు, డిగ్రీ చేసి ఐసెట్ రాసి ఎంబీఏకి వెళ్లొచ్చు. బీటెక్ చేసి ఎంబీఏకి వెళ్లినవాళ్లు ఎంతమంది లేరు? సీఈసీ చదివినవాడికి మాత్రం మళ్లీ ఇంజినీరింగ్‌కి దారి ఉండదు. పదిహేనేళ్ల పిల్లాడి మాట పట్టుకుని ఆ దారి మూసేస్తారా?

చిట్టా ఆవర్జా:
దారి సంగతి నిజమే. ఫిజిక్స్ అంటే గిట్టనివాడు ఆ దారిలో ఎంత దూరం నడుస్తాడు మరి?

నేను జూనియర్ కాలేజీలో పన్నెండేళ్లుగా కామర్స్ చెబుతున్నాను. ఏటా మొదటి వారంలో ఒక ప్రశ్న వేస్తాను. "మీ నాన్న దుకాణంలోంచి రెండు కిలోల చక్కెర ఇంటికి తెచ్చాడు. పుస్తకంలో ఏం రాయాలి?" దుకాణాల పిల్లలే ముందు లేచి, "ఏమీ రాయం సార్, మన దుకాణమే కదా" అంటారు. నా పాఠం అక్కడ మొదలవుతుంది. యజమాని వేరు, వ్యాపారం వేరు. ఆ చక్కెర ఖరీదు సొంతవాడకాల ఖాతాకు డెబిట్ చేసి, కొనుగోళ్లలోంచి తగ్గించాలి. అన్నగారూ, మీ ఇంట్లోకి నెలకు ఎంత సరుకు వెళ్తోందో చెప్పగలరా?

ఖమ్మం కిరాణం:
చెప్పలేను సార్. మా ఆవిడ చీటీ పంపుతుంది, కుర్రాడు కట్టి ఇస్తాడు, అంతే. మీరడిగారని పోయిన నెల చీటీలు వెతికాను. దొరికినవే 6,400 అయ్యాయి. నాకే నోట మాట రాలేదు.

అయినా ఒకటి అడుగుతాను. ఉద్దెర ఎవరికివ్వాలో మీ పుస్తకంలో ఉందా? జీతం పడగానే తెచ్చిచ్చేవాడెవడో, బాకీ పెరగ్గానే పక్క దుకాణానికి మారిపోయేవాడెవడో నాకు ముఖం చూస్తే తెలుస్తుంది.

బీకాం బాధితుడు:
బీకాం కంప్యూటర్స్ చదివాను. అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) రెండు వైపులా కలవకపోతే తేడాను అనామతు (సస్పెన్స్) ఖాతాలో వేయడం వచ్చింది గానీ, మూడేళ్లలో ఒక్క అసలు ఇన్‌వాయిస్ చేత్తో పట్టుకోలేదు. ఉద్యోగంలో మొదటి రోజే జీఎస్టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్ను వేయమంటే బిక్కమొహం వేశాను. ఒక ఆడిటర్ గారి దగ్గర ఆరు నెలలు లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ముందు కూర్చున్నాకే పని వచ్చింది. చదువు తప్పు అనను. చదివించే తీరే అలా ఉంది.

ఆర్టికల్స్ అమ్మాయి:
సీఏలో ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటర్ దగ్గర పని నేర్చుకోవడం, పెట్టింది అందుకే కదా. ముందు మూడేళ్లు ఉండేది, ఇప్పుడు రెండేళ్లే.

బాబాయ్, మా ఆఫీసుకు వచ్చే దుకాణదారులు కూడా మీలాగే ముఖం చూసి మనిషిని అంచనా వేస్తారు. బిల్లులు మాత్రం సంచిలో కుక్కి తెస్తారు. హోల్‌సేలర్ ఆ దుకాణదారు జీఎస్టీ నంబరు వేయకుండా ఇచ్చిన బిల్లయితే, దానిమీద కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకోలేరు. చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ స్కీములో ఉంటే టర్నోవర్ మీద 1 శాతం కట్టేస్తే సరి, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ అసలే ఉండదు. మీకు ఏది లాభమో ఎవరైనా లెక్కేసి చెప్పారా? గల్లా దగ్గర కూర్చున్నంత మాత్రాన అది రాదు.

తమ్ముడికి లెక్కలు ఇష్టమైతే సీఈసీ కన్నా, లెక్కలూ కామర్సూ రెండూ ఉండే ఎంఈసీ మేలు. సీఏ ఫౌండేషన్‌లో లెక్కలు, స్టాటిస్టిక్స్ ఎలాగూ తప్పవు.

ఎంపీసీ పక్షం:
ఫౌండేషన్‌లో ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. అదేదో తేలికన్నట్టు చెప్పకమ్మా. నా మాట ఎంపీసీయే.

ఖమ్మం కిరాణం:
మావాడికి ఇదంతా చదివి వినిపించాను. "గ్రూపు సంగతి తర్వాత నాన్నా, ముందు ఇంటి సరుక్కి అమ్మ దగ్గర డబ్బులు తీసుకుందాం" అన్నాడు. అప్పట్నుంచి మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఎంఈసీకి ఫీజు ఎంతో సోమవారం కనుక్కొస్తాను.