క్రెడిట్ కార్డుకు 2 శాతం అదనం గుంజితే ఎవరికి చెప్పుకోవాల?

తెలిసినోళ్లు కొంచెం చెప్పండి. కడప వై.వి. స్ట్రీట్‌లో ఫ్రిజ్ కొన్నా. బేరమంతా 28,500కు తెగినాక, క్రెడిట్ కార్డు ఇస్తే ఇంకో 570 కలిపి గీకినాడు. "బ్యాంకోళ్లు మాకు కోత పెడతారు సార్, మేమేం చేసేది?" అంటాడు. బిల్లులో 28,500 అనే ఉంది, మిషన్ స్లిప్పులో మాత్రం 29,070. రెండూ దాచిపెట్టినా.

డెబిట్ కార్డు మీద ఇట్లా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. మరి క్రెడిట్ కార్డు సంగతేంది? ఫిర్యాదు నా కార్డు బ్యాంకుకు ఇయ్యాల్నా, అంగడికి స్వైపింగ్ మిషన్ ఇచ్చిన బ్యాంకుకా? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి డబ్బు వెనక్కి రాబట్టినోళ్లు ఎవరన్నా ఉన్నారా? "క్యాష్ ఇచ్చింటే పోయేది" అనే సలహా మా ఇంట్లోనే దండిగా దొరుకుతాంది, అదొక్కటి వద్దు.